ఎడమ చెయ్యి ఎటు చూపిస్తోంది?



మా అపార్టుమెంట్లో మూడో అంతస్తులో ఒక మామ్మగారు ఉంటారు. టీనగర్‌లో, పానగల్ పార్కుకి దగ్గర్లోనే. పుట్టిల్లు గూడూరు. చెన్నైలో మెట్టి యాభై ఏళ్లు దాటింది. కొడుకు అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. ఒక మే నెల పొద్దున్నే ఆవిడ మా తలుపు తట్టారు. మొహం నిండా కంగారు.

"నాయనా, మావాడు ఇప్పుడే ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి సైరన్ మోగిందిట. పిల్లల్ని తీసుకుని బాత్రూంలో దూరి తలుపేసుకున్నారుట. నెత్తిమీద దిళ్లు పెట్టుకు కూచున్నారుట. ఇరవై నిమిషాలాగి బయటికొస్తే వీళ్ల వీధిలో ఆకు కూడా రాలలేదు. రెండు వీధుల అవతల మాత్రం ఇళ్ల కప్పులు లేచిపోయాయిట. ఇదేం తుపాను నాయనా? మనకి నాలుగు రోజుల ముందే చెబుతారు కదా. అంత పెద్ద అమెరికాలో అరగంట ముందు చెప్పలేకపోయారా?"

ఆవిడ అడిగింది ఒక్క ప్రశ్నే. కానీ అందులో రెండు గాలులు కలిసిపోయాయి. ఇవాళ ఆ రెంటినీ విడదీసి చూద్దాం. చూశాక, తుపాను రోజున మీరు ఇంట్లోంచే చేసుకోగలిగిన ఒక చిన్న పని చెబుతాను. దానికి కాగితం అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. మీ ఎడమ చెయ్యి ఉంటే చాలు.

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. అమెరికా వార్తల్లో హరికేన్ అని వింటుంటాం. అదేదో కొత్త జాతి కాదు. మన తుపానే. అట్లాంటిక్ సముద్రంలో పుడితే హరికేన్ అంటారు. జపాన్, ఫిలిప్పీన్స్ వైపు పుడితే టైఫూన్ అంటారు. మన బంగాళాఖాతంలో పుడితే సైక్లోన్, తుపాను. ఒకే ఆవిడని ఒకరు అత్తా అంటారు, ఒకరు పిన్నీ అంటారు. మనిషి మారలేదు, వరస మారింది. ఇదీ అంతే. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే మన వాతావరణ శాఖ దాన్ని తుపాను అని పిలుస్తుంది, దానికో పేరు పెడుతుంది. ఇంకా బలపడి 119కి చేరితే అమెరికా వాళ్ల లెక్కలో అది హరికేన్. మన లెక్కలో అతి తీవ్ర తుపాను. కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి. హరికేన్ అన్నా తుపాను అన్నా ఒకటే. టోర్నడో మాత్రం వేరు.

ఎంత వేరు? మా పానగల్ పార్కు మీదుగా ఒక టోర్నడో పోయిందనుకుందాం. అలా జరగకూడదు, మాటవరసకి అనుకుందాం. పార్కు చుట్టూ ఉన్న పాత్రల కొట్లు, చీరల కొట్లు నేలమట్టమైపోతాయి. అక్కడికి కొద్ది నిమిషాల నడక మాంబలం స్టేషన్. ఆ ప్లాట్‌ఫారం మీద ఎలక్ట్రిక్ రైలు కోసం నిలబడ్డవాడి చేతిలో గొడుగు తిరగబడకపోవచ్చు కూడా. టోర్నడో వెడల్పు సాధారణంగా వంద, రెండు వందల మీటర్లు. మరీ పెద్దదైతే కిలోమీటరు, రెండు కిలోమీటర్లు. ఆయుష్షు చాలావాటికి పది నిమిషాలు.

ఇప్పుడు తుపాను సంగతి చూడండి. అది చెన్నై ఎదురుగా సముద్రంలో నిలబడితే నెల్లూరులో వాన, పుదుచ్చేరిలో వాన, చిత్తూరులో మబ్బు. దాని వెడల్పు వందల కిలోమీటర్లు. ఆయుష్షు రోజుల లెక్కన. టోర్నడోని ఎదురుగా నిలబడి కంటితో చూడొచ్చు. మబ్బులోంచి ఏనుగు తొండంలా దిగి నేలని తడుముతుంది. తుపానుని అలా చూడలేం. మనం దాని కడుపులోనే ఉంటాం. దాని రూపం చూడాలంటే ఉపగ్రహం ఎక్కాల్సిందే.

బలం ఎవరిది ఎక్కువ అని అడుగుతారు. టోర్నడోదే. 1999 మే 3న ఓక్లహోమా రాష్ట్రంలో ఒక టోర్నడోలో గాలి గంటకు 480 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్నట్టు రాడార్ కొలిచింది. ఏ తుపానూ నేలమీద అంత వేగం చూపించదు. కానీ సూదిపోటు వేరు, రోకటిపోటు వేరు. ఇద్దరూ బంగ్లాదేశ్‌కి వచ్చారు. 1989 ఏప్రిల్ 26న అక్కడ దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతంలో వచ్చిన టోర్నడో సుమారు 1300 మందిని బలి తీసుకుంది. ప్రపంచంలో నమోదైన టోర్నడోల్లో అంత ఘోరమైనది ఇంకోటి లేదంటారు. అదే నేల మీదికి 1970 నవంబరులో ఒక తుపాను వచ్చింది. పోయిన ప్రాణాలు 3 లక్షలకు తక్కువ ఉండవని అంచనా. వేగం టోర్నడోది. విస్తీర్ణం తుపానుది. దాంతోపాటు తుపాను సముద్రాన్ని వెంటబెట్టుకొస్తుంది. మనవాళ్లు దానికి ఉప్పెన అని పేరు పెట్టారు.

సరే, ఈ రెండూ ఎలా పుడతాయి? వంటింట్లోకి వెళదాం.

ఇడ్లీ పాత్ర మూత తీస్తారు. ఆవిరి చేతికి తగులుతుంది. చుర్రుమంటుంది. ఎందుకంటే ఆవిరి చేతిమీద మళ్లీ నీరైపోతూ, తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. తుపానుకి ఇంజను ఇదే. బంగాళాఖాతం దాని పొయ్యి. సముద్రపు నీరు సుమారు 26, 27 డిగ్రీలైనా ఉండాలి. ఆవిరి పైకి లేస్తుంది. పైన చల్లబడి మబ్బు అవుతుంది. అప్పుడు దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి పోతుంది. కింద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి చుట్టుపక్కల గాలి తడి మోసుకుంటూ పరుగెత్తుకొస్తుంది. అల్పపీడనం అని రేడియోలో వింటాం కదా, అదే. అది ముదిరితే వాయుగుండం. ఇంకా ముదిరితే తుపాను. నేలమీదికి రాగానే పొయ్యి ఆరిపోతుంది. అందుకే తీరం దాటాక తుపాను నీరసిస్తుంది.

టోర్నడోకి పొయ్యి ఒక్కటే సరిపోదు. దానికి అప్పడాల కర్ర కూడా కావాలి. నేల దగ్గర గాలి మెల్లగా వీస్తోంది. పైన గాలి ఉరుకుతోంది. రెండు అరచేతుల మధ్య పెన్సిలు పెట్టి, కింది చెయ్యి ఆపి, పై చెయ్యి ముందుకు తోయండి. పెన్సిలు దొర్లుతుంది. అలాగే ఆ రెండు గాలుల మధ్య గాలి కూడా అప్పడాల కర్రలా అడ్డంగా దొర్లుతుంది. కంటికి కనబడదు. అప్పుడు ఒక భారీ ఉరుము మేఘం కింద నుంచి గాలిని పైకి గుంజుతుంది. అడ్డంగా దొర్లే కర్ర నిలువునా లేస్తుంది. ఇప్పుడు మేఘం మొత్తం నెమ్మదిగా తిరుగుతోంది. ఆ తిరిగేది సన్నబడితే? ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరుగుతారు చూడండి. చేతులు చాపి తిరిగితే ఒక జోరు. చేతులు ముడిచి దగ్గరికి లాక్కుంటే కళ్లు తిరిగే జోరు. మేఘం కింద ఆ తిరుగుడు సన్నబడేకొద్దీ జోరెక్కుతుంది. నేలని తాకితే టోర్నడో.

అలా తిరిగే మేఘాలన్నీ టోర్నడోని దించవు. దించేది ఏదో, ఎక్కడో చివరి నిమిషాల దాకా తేలదు. అందుకే డాలస్‌లో సైరన్. పది, పదిహేను నిమిషాల ముందు చెప్పగలిగితే అక్కడ గొప్ప. మామ్మగారి ప్రశ్నకి సగం జవాబు ఇది. నిర్లక్ష్యం కాదు. పది నిమిషాలు బతికేదాన్ని నాలుగు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు.

ఇందులో నాకు ముచ్చటైన సంగతి ఒకటుంది. పైన ఒక గాలి, కింద ఒక గాలి ఉండటం టోర్నడోకి అన్నం. తుపానుకి విషం. తుపాను నిలువుగా పేర్చిన ఇడ్లీ రేకుల్లాంటిది. పై గాలి ఒకవైపు, కింది గాలి ఇంకోవైపు లాగితే స్టాండు ఒరిగిపోతుంది. జూలై, ఆగస్టుల్లో నైరుతి రుతుపవనాలు వీస్తున్నప్పుడు బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది. అయినా పెద్ద తుపాన్లు అప్పుడు అరుదు. కారణం ఇదే. కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి. ఆ గాలులు సద్దుమణిగాకే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వంతు వస్తుంది. రుతుపవనానికి ముందు ఏప్రిల్, మే నెలల్లో ఇంకోసారి.

మరి టోర్నడోలు అమెరికాలోనే ఎందుకన్ని? అక్కడ ఏటా వెయ్యికి పైగా వస్తాయి. మ్యాపులో చూస్తే తెలుస్తుంది. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి వెచ్చని తడిగాలి. పడమట రాకీ కొండల మీదుగా పొడిగాలి. ఉత్తరాన కెనడా నుంచి చలిగాలి. ఆ చలిగాలికి అడ్డుగోడ లేదు. మనకి హిమాలయాలు అడ్డం నిలబడ్డాయి. అయినా బెంగాల్, బంగ్లాదేశ్ వైపు వైశాఖంలో పొడిగాలీ తడిగాలీ ఢీకొంటాయి. టోర్నడోలు పుడతాయి. ఢిల్లీలోనూ 1978 మార్చి 17న ఒకటి వచ్చింది. చెన్నైలో ఆ భయం దాదాపు లేదనే చెప్పాలి.

రాకపోకల దారి కూడా ఎదురెదురే. భూమధ్యరేఖకి దగ్గరున్న మన ప్రాంతాల్లో పెద్ద గాలులు తూర్పు నుంచి పడమరకి తోస్తాయి. అందుకే తుపాను మనకి సముద్రం వైపు నుంచే వస్తుంది, అమెరికాకి కూడా అట్లాంటిక్ వైపు నుంచే వస్తుంది. ఇంకా ఉత్తరానికి పోతే పడమటి గాలుల రాజ్యం. డాలస్ టోర్నడో చాలాసార్లు నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది. మన తుపాను తూర్పు నుంచి. వాళ్ల టోర్నడో పడమర నుంచి.

ఇక ఎడమ చేతి సంగతి.

గుడిలో ప్రదక్షిణ చేస్తాం. గర్భగుడి ఎటువైపు ఉంటుంది? కుడిచేతి వైపు. మన అర్ధగోళంలో తుపాను గాలి ప్రదక్షిణ చెయ్యదు. అప్రదక్షిణం చేస్తుంది. మధ్యలో ఉన్న కన్ను దానికి ఎడమచేతి వైపు ఉంటుంది. కాబట్టి గాలి నడిచే దిక్కుకే మీరూ మొహం తిప్పి నిలబడండి. అంటే గాలి మీ వీపుకి తగలాలి. ఇప్పుడు ఎడమ చెయ్యి పక్కకి చాపండి. చెయ్యి చూపించేవైపే తుపాను కన్ను ఉంది. మళ్లీ చెబుతాను. వీపు గాలికి. ఎడమ చెయ్యి పక్కకి. కన్ను అటువైపు.

ఇది నా కల్పన కాదు. హాలండ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో ఈ సూత్రాన్ని ప్రకటించాడు. ఓడ నడిపేవాళ్లకి ఇది కొట్టిన పిండి. కారణం భూమి తిరగడమే. తిరిగే రంగులరాట్నం మీద కూర్చుని ఎదుటివాడికి బంతి విసిరితే అది పక్కకి పోయినట్టు కనబడుతుంది. అలాగే ఖాళీలోకి పరుగెత్తే గాలి మన అర్ధగోళంలో కుడివైపుకి ఒదుగుతుంది. అన్ని వైపుల గాలులూ కుడికి ఒదిగి తప్పిపోతే, మధ్యలోది అందరికీ ఎడమన మిగులుతుంది. ఆస్ట్రేలియాలో ఇది తిరగబడుతుంది. అక్కడ తుపాను ప్రదక్షిణమే చేస్తుంది. చెయ్యి కుడిది చాపాలి. అన్నట్టు, వాష్‌బేసిన్‌లో నీళ్లు తిరిగేదీ ఇందుకే అని కొందరు చెబుతారు. నమ్మకండి. బేసిన్ మరీ చిన్నది. భూమి తిరుగుడు దాన్ని పట్టించుకోదు. టోర్నడో కూడా ఈ లెక్కలో చిన్నదే. చాలా టోర్నడోలు అప్రదక్షిణంగానే తిరుగుతాయి గానీ అది మేఘంలోని గాలుల వల్ల. కొన్ని ఎదురు కూడా తిరుగుతాయి. కాబట్టి ఈ సూత్రం తుపానుకే. టోర్నడోకి పనికిరాదు. మెరీనాలో సాయంత్రం పూట వచ్చే మామూలు సముద్రపు గాలికీ పనికిరాదు.

మన చెన్నై తీరానికి ఈ గాలుల బాధ పాతదే. 1746 సెప్టెంబరులో ఫ్రెంచ్ సేనాని లా బూర్దొన్నే మద్రాసుని పట్టుకున్నాడు. అక్టోబరులో వచ్చిన తుపాను అతని ఓడల్ని చెల్లాచెదురు చేసి ముంచింది. అప్పటికి ఇక్కడ హార్బరు లేదు. ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసుకునేవి. తర్వాత హార్బరు కట్టడం మొదలుపెడితే, 1881 నవంబరు తుపాను ఆ గోడల్ని కూల్చేసింది. 1966 నవంబరు తుపాను కొందరు పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. స్టమాటిస్ అనే ఓడ కొట్టుకొచ్చి మెరీనా దగ్గర చిక్కుకుంది.

సైక్లోన్ అనే మాట పుట్టింది కూడా మన బంగాళాఖాతం ఒడ్డునే. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఉండేవాడు. 1839లో మన కాకినాడ పక్కన కోరంగిని ముంచేసిన తుపాను గురించి కూడా ఆయన పరిశోధించాడు. ఓడల దినచర్య పుస్తకాలు తిరగేసి, ఎక్కడ ఏ వేళకి ఏ వైపు గాలి వీచిందో పోగుచేశాడు. చూస్తే గాలి చుట్టలు చుట్టుకుంటోంది. గ్రీకు మాటల్లోంచి ఒక పేరు తీశాడు. దానికి అర్థం చుట్ట చుట్టుకున్న పాము. 1848లో నావికుల కోసం పుస్తకం వేశాడు. అందులో అవతలివైపు కనబడే పల్చటి పలకలు పెట్టాడు. వాటిమీద గాలి వలయాలు గీసి ఉంటాయి. సముద్రపు మ్యాపు మీద ఆ పలక జరుపుకుంటూ, ఇప్పుడు నా మీద వీచే గాలి ఇదీ, కాబట్టి కన్ను అదిగో అక్కడ, అని కెప్టెన్ లెక్కవేసుకునేవాడు. మనం చెయ్యి చాపడం ఆ పలకకి చుట్టం.

ఈ సూత్రం మనకెందుకు? మొదటి కారణం ఉప్పెన.

1977 నవంబరు 19. తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ప్రాణాలు ఎక్కువ పోయింది దివిసీమలో. మధ్య దూరం అరవై కిలోమీటర్లు. ఇదేమిటి, దాటింది అక్కడైతే చచ్చిపోయింది ఇక్కడా అని చాలామంది అడుగుతారు. నాగాయలంకలో మీరు నిలబడ్డారనుకోండి. చీరాల మీకు పడమర. ఎడమ చెయ్యి పడమర చూపించాలంటే మీ మొహం ఉత్తరానికి ఉండాలి. వీపు దక్షిణానికి. అంటే గాలి దక్షిణం నుంచి కొడుతోంది. దివిసీమకి దక్షిణాన ఏముంది? సముద్రం. ఆ గాలి గంటల తరబడి నీటిని ఊళ్లలోకి తోసింది. ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేల మంది పోయారు. మన తూర్పు తీరంలో తుపాను ఎక్కడ దాటుతుందని చెబుతారో, దానికి ఉత్తరపు వైపు వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. చెన్నై వాళ్లకీ అంతే. మహాబలిపురం దగ్గర దాటితే మనకి గాలి సముద్రం నుంచి. నెల్లూరు దగ్గర దాటితే నేలమీది నుంచి. అలాగని నేలగాలి కదా అని నిశ్చింతగా ఉండకూడదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర. చెన్నైని ముంచింది అంతకు ముందురోజే. గాలి లెక్క వేరు, వాన లెక్క వేరు.

రెండో కారణం కన్ను.

2016 డిసెంబరు 12, సోమవారం. నోట్ల రద్దు రోజులు. వర్దా తుపాను నేరుగా చెన్నై మీదికే వచ్చింది. పొద్దుట నుంచీ ఉత్తరపు గాలి. వీపు ఉత్తరానికి పెడితే ఎడమ చెయ్యి తూర్పుకి, సముద్రంలోకి చూపిస్తుంది. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి గాలి పడిపోయింది. మా వీధిలో జనం బయటికొచ్చారు. ఒకాయన కారు మీద పడ్డ కొమ్మని లాగుతున్నాడు. పిల్లలు ఫోటోలు తీస్తున్నారు. పాల ప్యాకెట్లకని ఒకావిడ సంచీ పట్టుకుని బయల్దేరింది. అయిపోయింది, వెళ్లిపోయింది అని అందరూ అనుకున్నారు. వెళ్లలేదు. కన్ను మన నెత్తిమీద ఉంది. అది దాటాక గాలి మళ్లీ లేచింది. ఈసారి దక్షిణం వైపు నుంచి. పొద్దుటి నుంచి ఒకవైపు ఊగి ఊగి వేళ్లు వదులైన చెట్టుని ఇప్పుడు ఎదురు దిక్కు నుంచి తోస్తే నిలుస్తుందా? ఆ ఒక్కరోజు నగరంలో వేల చెట్లు కూలాయి.

అందుకని గాలి ఆగిందా లేదా అని చూడకండి. ఏ వైపు నుంచి వీస్తోంది, చెయ్యి ఏ వైపు తిరిగింది అని చూడండి. చెయ్యి సముద్రం వైపే చూపిస్తుండగా గాలి ఒక్కసారిగా ఆగిపోతే అది కన్ను. గుమ్మం దాటకండి. చెయ్యి మెల్లమెల్లగా తిరిగి నేలవైపు చూపిస్తే, అప్పుడు తుపాను దాటి లోపలికి పోయినట్టు. ఇదంతా డాబా ఎక్కి చెయ్యమని కాదు. కిటికీ దగ్గర నిలబడి కొబ్బరిమట్టలు ఎటు వాలుతున్నాయో చూడండి చాలు. మేడల సందుల్లో గాలి దారి తప్పుతుంది. కిందుగా పరుగెత్తే మబ్బుల్ని చూస్తే ఇంకా నయం. చెయ్యి చూపించేది నిక్కచ్చి దిక్కు కూడా కాదు. కన్ను దానికి కాస్త ముందుకు ఉంటుంది. వాతావరణ శాఖ బులెటిన్‌కి ఇది బదులు కాదు. కరెంటు పోయి, ఫోను చచ్చిపోయిన రాత్రికి తోడు.

టోర్నడో మన తెలుగు నేలకి రానే రాదా అంటే, ఒకచోట ఆ మాట బాగా వినబడింది. 2024 ఆగస్టు 31. ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవి. కాసేపట్లో వేల చెట్లు నేలకొరిగాయి. యాభై వేలని అటవీ శాఖ వాళ్లు అప్పట్లో చెప్పారు. అవే రోజుల్లో వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది, విజయవాడని బుడమేరు ముంచింది. ములుగులో వచ్చింది టోర్నడో అని కొందరన్నారు. కాదు, మేఘం కుమ్మరించిన గాలి అని కొందరన్నారు. ఈ రెండోది ఏమిటంటే, ఉరుము మేఘంలోంచి చల్లని బరువైన గాలి ఒక్కసారిగా కిందపడుతుంది. బిందెడు నీళ్లు గచ్చుమీద కుమ్మరిస్తే నాలుగు వైపులా చిమ్ముతాయి చూడండి, అలా. ఏదో ఎలా తెలుస్తుంది? పడిన చెట్లే చెబుతాయి. టోర్నడో పోయిన దారి సన్నటి పట్టీ. అందులో చెట్లు మెలితిరిగి, లోపలికి తల పెట్టి, ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా ఉంటాయి. కుమ్మరించిన గాలి అయితే విసనకర్ర పుల్లల్లా బయటికి తలలు పెట్టి పడుకుంటాయి.

ఒక్కోసారి తుపాను చంకలోనే టోర్నడో పుడుతుంది. 2024 అక్టోబరులో మిల్టన్ హరికేన్ ఇంకా తీరం చేరకముందే ఫ్లోరిడాలో టోర్నడోలు దిగి మనుషుల్ని చంపాయి. హరికేన్ కోసం సిద్ధమై కూర్చున్నవాళ్ల మీద ఇవి పడ్డాయి.

మామ్మగారికి ఇదంతా చెప్పాను. ఆవిడకి ప్రదక్షిణ మాట బాగా పట్టుబడింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను వచ్చింది కదా. విమానాశ్రయం మూసేశారు. రోడ్లన్నీ నీళ్లు. ఆవిడ రోజంతా బాల్కనీ కిటికీ వదల్లేదు. పొద్దున ఫోన్ చేసి, "నాయనా, చెయ్యి అడయార్ వైపు చూపిస్తోంది" అన్నారు. ఆగ్నేయం. సరిగ్గానే ఉంది. తుపాను అప్పటికి అటే సముద్రంలో ఉంది. రాత్రి పది దాటాక మళ్లీ ఫోన్. "చెయ్యి గిండీ వైపు తిరిగింది. మధ్యలో గాలి ఆగలేదు. అంటే మన నెత్తిమీదికి రాలేదు, దక్షిణం పక్క నుంచి పోతోంది, అంతేనా?" అంతే. ఆ రాత్రి అది పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అక్కడే తిష్ట వేసింది. ఒక్కరోజులో పుదుచ్చేరిలో 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది.

"డాలస్‌లో మీ అబ్బాయికి కూడా ఇది నేర్పారా?" అని అడిగాను.

"నేర్పడమెందుకు? నీకు చెయ్యి చాపేంత తీరిక ఉండదురా, సైరన్ మోగితే పిల్లల్ని తీసుకుని బాత్రూంలోకే పో అని చెప్పాను" అన్నారు మామ్మగారు.